గారు అనే రెండక్షరాలు

సభికులారా, నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన కాగితంలో "సోదర సోదరీమణులారా" అని ఉంది. దాన్ని పక్కన పెట్టి "సభికులారా" అన్నాను. గొప్ప సిద్ధాంతమేమీ లేదు. సభలో కూర్చున్నవారందరినీ ఆడా మగా లెక్క లేకుండా ఒక్క మాటతో పిలిచే సౌకర్యం తెలుగుకు ఎప్పటినుంచో ఉంది. చేతిలో ఉన్న సౌకర్యాన్ని వాడుకోకపోవడం దండగ కదా.

నన్ను పిలిచినప్పుడు విషయం మూడు ముక్కలుగా చెప్పారు: ఆరోగ్య పరిశోధన, అందరినీ కలుపుకునే భాష, క్వీర్ కళాచరిత్ర, అంటే ఆడా మగా అనే మామూలు మూసలో ఇమడనివారి కళల చరిత్ర. విశ్వవిద్యాలయంలో ఇవి మూడు వేర్వేరు భవనాలు. ఒక భవనంవారు రెండో భవనంలోకి క్యాంటీను కోసం తప్ప వెళ్లరు. నేను ఈ మూడింటిలో దేనికీ చెందను. ఆరోగ్య సర్వేల ప్రశ్నపత్రాలను, రోగుల అంగీకార పత్రాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తేవడం నా వృత్తి. అయితే ఈ మూడు విషయాలూ ఒకేచోట కలిసిన కాగితం ఒకటి నాకు తెలుసు. అది ఏ విశ్వవిద్యాలయంలోనూ తయారు కాలేదు. నిజాం ప్రభుత్వంలో తయారైంది.

1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాదు సంస్థానంలో నపుంసకుల చట్టం వచ్చింది. అంతకుముందే 1871లో ఉత్తరాదిన బ్రిటిషువారు నేరస్థ తెగల చట్టంలో ఇలాంటి భాగాన్నే పెట్టారు. నిజాం చట్టం అదే దారిలో నడిచింది. ముందు ఒక నిర్వచనం: తాను నపుంసకుణ్ణని ఒప్పుకున్నవాడు, లేదా వైద్య పరీక్షలో అలా తేలినవాడు. అంటే ఒక మాటకు అర్థం చెప్పి, ఆ అర్థాన్ని ఒంటి మీద వెతికే పని వైద్యుడికి అప్పగించింది. తర్వాత, అనుమానం ఉన్నవారి పేర్లతో పోలీసులు ఒక రిజిస్టరు ఉంచాలంది. ఆ తర్వాత, ఆ రిజిస్టరులో పేరున్న మనిషి ఆడవారి బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనబడినా, బహిరంగంగా పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చునంది. రెండేళ్ల దాకా జైలు. చూడండి, మాటకు అర్థం చెప్పడం భాషావేత్తల పని, పరీక్ష వైద్యుల పని, ఆటా పాటా కళాకారుల పని. మూడు భవనాలనూ ఒకే ఠాణాలో కూర్చోబెట్టారు.

ఆ తర్వాత నిజాం పాలన పోయింది, హైదరాబాదు రాష్ట్రం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం పేరుకు ముందున్న ప్రాంతం పేరు మారిందే తప్ప చట్టం కదలలేదు. వైజయంతి వసంత మొగ్లి వేసిన వ్యాజ్యం మీద 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. లెక్క వేస్తే 104 ఏళ్లు. చట్టం పోయింది. అందులోని మాట మాత్రం ఇంకా మన బడి పుస్తకంలో ఉంది. అక్కడినుంచే మొదలుపెడతాను.

పుంలింగం, స్త్రీలింగం, నపుంసకలింగం. పదేళ్ల పిల్లలకు వ్యాకరణంలో చెప్పే పాఠం. రాముడు పుంలింగం, సీత స్త్రీలింగం, బల్ల నపుంసకలింగం. బల్లకూ, చెట్టుకూ, రాయికీ పెట్టిన పేరే బజారులో ఒక మనిషి మీద విసిరే తిట్టు కూడా. పాఠం చెప్పే పంతులుగారికి ఆ ఉద్దేశం ఉండదు, వినే పిల్లలకూ ఉండదు. కానీ తరగతి గదిలో ఆ ఆరో బెంచీలో కూర్చున్న ఒక పిల్లవాడి వైపు మిగతావారు తిరిగి చూసి నవ్వే రోజు సరిగ్గా ఆ పాఠం రోజే. "క్లీబం" అన్న వ్యాకరణ పదమూ అంతే. భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు "క్లైబ్యం మా స్మ గమః పార్థ", క్లీబత్వానికి లోబడకు, అంటాడు. ఎవరితో అంటున్నాడు? విరాటుడి కొలువులో ఏడాది పాటు బృహన్నలగా ఉండి, ఉత్తరకు నాట్యం నేర్పి వచ్చిన మనిషితో. పోయిన ఆవులను మళ్లించుకు వచ్చిన రథం మీద ఉన్నదీ ఆ బృహన్నలే. అజ్ఞాతవాసం ముగిసి ఎంతో కాలం కాలేదు. వ్యాఖ్యాతలు ఈ సంగతి దగ్గర ఎందుకు ఆగరో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అయినా తెలుగును నేను తిట్టడానికి రాలేదు. నిజానికి మన వ్యాకరణంలో ఒక వింత ఉంది. సంస్కృతం మూడు లింగాలు చెబితే, మన వ్యాకర్తలు తెలుగుకు మహత్తు, అమహత్తు అన్నారు. ఏకవచనంలో మగవాళ్లు ఒకవైపు, మిగతా లోకమంతా ఇంకోవైపు. అబ్బాయి వచ్చాడు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. స్త్రీవాద విమర్శకులు దీని మీద చాలా రాయవచ్చు, రాయాలి కూడా. కానీ బహువచనంలోకి రండి. అబ్బాయిలు వచ్చారు, అమ్మలు వచ్చారు. ఆవులు మాత్రం వచ్చాయి. బహువచనంలో తెలుగు గీసిన గీత ఆడా మగా మధ్య లేదు, మనిషికీ మనిషి కానిదానికీ మధ్య ఉంది. అంకెల్లోనూ అంతే. రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలో ఎవరు ఏమిటో భాష అడగదు.

ఇంకోటి. ఈ ప్రసంగం మొదలుపెట్టి కొన్ని నిమిషాలైంది. అన్నాను, చెందను, మొదలుపెడతాను, రాలేదు. ఈ క్రియల్లో ఒక్కటైనా నేను ఎవరో చెప్పిందా? మీరు నన్ను చూస్తున్నారు కాబట్టి ఏదో అనుకుని ఉంటారు. రేపు ఈ పాఠాన్ని అచ్చులో చదివేవారికి ఆ ఆధారం కూడా ఉండదు. హిందీలో అయితే మొదటి వాక్యంలోనే దొరికిపోయేదాన్ని లేదా దొరికిపోయేవాణ్ణి. చూశారా, ఇక్కడ తెలుగు కూడా పట్టేసుకుంది. కాబట్టి మరీ మురిసిపోనక్కర్లేదు. "నేను విద్యార్థిని" అన్న వాక్యం మాత్రం నాకు ఇష్టం. అబ్బాయి అన్నా అదే, అమ్మాయి అన్నా అదే.

ఇంగ్లీషులో కొన్నేళ్లుగా సర్వనామాల మీద పెద్ద గొడవ నడుస్తోంది. ఒక్క మనిషిని బహువచనంతో పిలవవచ్చా అని వాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. మనకు ఆ గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఒక్కరినే "వారు" అంటాం, "మీరు" అంటాం, "తమరు" అంటాం. ఆ ఒక్కరు ఆడైనా మగైనా ఇంకెవరైనా క్రియ మారదు. మా వృత్తిలో ఇంగ్లీషు పరిశోధకులు పంపే ప్రశ్నపత్రం మొదట్లోనే ఉంటుంది: మిమ్మల్ని ఏ సర్వనామంతో పిలవాలి అని. దాన్ని తెలుగు చేయబోతే నాకు నవ్వొచ్చింది. తెలుగులో ఆ ప్రశ్న జెండర్ గురించి కాదు. వాడు, అతడు, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. మన సర్వనామం ఎంచుకునే ముందు తేల్చుకోవలసింది ఎదుటి మనిషికి ఎంత మర్యాద ఇస్తామన్నది. ఆ నిచ్చెన పైమెట్టు మీద లింగం ఉండదు. కిందికి దిగిన కొద్దీ మనిషి ఆడో మగో తేలుతుంది, ఇంకా దిగితే వస్తువైపోతుంది.

ఆ పైమెట్టు ఎవరికి దొరికేది? కరణంగారు, మునసబుగారు, పంతులుగారు. మాలపల్లెలో డెబ్బై ఏళ్ల ముసలాయన్ని కామందు కొడుకు, పదేళ్లవాడు, "ఒరే" అని పిలిచిన ఊళ్లు మనవే. కాబట్టి అందరినీ కలుపుకునే భాష అంటే కొత్త మాటలు పుట్టించడమని ఎవరైనా అన్నప్పుడు నాకు అనుమానం కలుగుతుంది. మాట ఉంది. రెండే అక్షరాలు. గారు. దానికి లింగం లేదు, వచనం లేదు, ఖర్చు లేదు. అయినా రేషను సరుకు లాగా దాన్ని కొలిచి పంచుతూ వచ్చాం.

ఇప్పుడు ఆసుపత్రికి వెళదాం.

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద ఆసుపత్రి ఓపీ హాల్లో పని మీద కూర్చున్నాను. కిటికీలోంచి గుమస్తా ఒక మగపేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గట్టిగా, "ఒరేయ్, ఉన్నావా లేదా" అని కలిపి పిలిచాడు. నా ముందు వరసలో చీర కట్టుకున్న ఒకావిడ లేచారు. హాలంతా అటు తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ రెండడుగులు కిటికీ వైపు వేసి, చీటీ మడిచి, గుమ్మం వైపు తిరిగి వెళ్లిపోయారు. గుమస్తా తర్వాతి పేరు పిలిచాడు. అతని తప్పు ఏమిటని అడిగితే ఆధార్ కార్డులో ఉన్న పేరే చదివానంటాడు. ఒరేయ్ ఆధార్ కార్డులో లేదు.

అప్పట్లో నా బల్ల మీద ఉన్న ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న ఉంది: "చికిత్స మధ్యలో మానేశారా? మానేస్తే కారణం ఏమిటి?" కింద గడులు: దూరం, ఖర్చు, సమయం లేకపోవడం, మందులు పడకపోవడం, ఇతరాలు. పేరు పిలిచిన తీరు అనే గడి లేదు. ఆ ఆసుపత్రినుంచి వెళ్లిపోయినవారు ఏ పరిశోధన పట్టికలోనైనా "ఇతరాలు" అన్న వరసలో కలిసిపోతారు. హెచ్.ఐ.వి. పరీక్షకు ఆలస్యంగా వచ్చినవారు, హార్మోన్లను వైద్యుడి సలహా లేకుండా మందుల దుకాణంలో కొనుక్కున్నవారు, మూత్రపిండం పాడై చివరి దశలో వచ్చినవారు, వీరి కథల మొదట్లో చాలాసార్లు ఇలాంటి కిటికీ ఒకటి ఉంటుంది.

"ఇతరులు" అన్న మాట గురించి కూడా ఒక ముక్క. 2011 జనాభా లెక్కల్లో పురుషుడికి 1, స్త్రీకి 2, మిగతావారికి 3 వేశారు. ఆ మూడో గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మంది నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఇంగ్లీషులో ఆ గడి పేరు ఎలా వినిపిస్తుందో గానీ, తెలుగులో "ఇతరులు" అంటే పరాయివాళ్లు. "ఇతరులకు ప్రవేశం లేదు" అని బోర్డు మీద రాసే మాట. మన ఇంటి మనిషిని లెక్కించడానికి అది పనికిరాదు.

మరి "లింగం" అన్న మాట? వ్యాకరణంలో అదే, ఒంటిలో అదే, సమాజంలో అదే, గుళ్లో అదే. పరిశోధకులు పుట్టినప్పుడు నమోదైనది వేరు, మనిషి తనను తాను ఏమనుకుంటారన్నది వేరు అని రెండు ప్రశ్నలు అడుగుతారు. రెంటికీ "లింగం" అని రాస్తే పల్లెటూరి ముసలమ్మ "ఇందాకే చెప్పాను కదా" అంటుంది. నేను ఆ మాట మానేశాను. "పుట్టినప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఆడపిల్ల అన్నారా, మగపిల్లవాడు అన్నారా?" అని ఒకటి. "ఇప్పుడు మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు?" అని రెండోది. సాంకేతికంగా లోపమేదైనా ఉంటే ఉండవచ్చు. జవాబులు మాత్రం వస్తాయి.

సుఖవ్యాధులు. ఎంత అన్యాయమైన మాటో ఎప్పుడైనా ఆలోచించారా? సుఖపడ్డావు కాబట్టి అనుభవించు అని శాపనార్థం దాని లోపలే ఉంది. భర్తనుంచి సోకిన ఇల్లాలికి అందులో సుఖం ఎక్కడిది? ఇప్పుడు "లైంగిక సంపర్కంతో సోకే వ్యాధులు" అని రాస్తున్నాం. పొడవే, కానీ అందులో తీర్పు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ప్రశ్నపత్రంలో "స్త్రీలు మాత్రమే" అని ఉన్నచోట "గర్భసంచి ఉన్నవారు" అని మార్చినప్పుడు ఒక వైద్యురాలు నాతో గట్టిగా వాదించారు. పదిమంది ట్రాన్స్ పురుషుల కోసం, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా తమను మగవారని చెప్పుకునేవారి కోసం, కోట్లమంది స్త్రీల పేరు తీసేస్తారా అని. న్యాయమైన కోపమే. కానీ మన రెండు రాష్ట్రాల సంగతి చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. మన దగ్గర "స్త్రీలు" అని రాసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి అడిగితే, గర్భసంచి లేని లక్షలమందిని కూడా అడుగుతున్నట్టే. ముందు గర్భసంచి ఉందా అని అడగడం ట్రాన్స్ పురుషుల కోసమే చేసిన సవరణ కాదు, నడుం నొప్పికి కూడా గర్భసంచి తీయించిన పల్లెల్లోని ఆడవారి కోసం కూడా. చివరికి "స్త్రీలు, గర్భసంచి ఉన్న మరెవరైనా" అని రాసి, దానికి ముందు ఆపరేషన్ ప్రశ్న చేర్చాం. ఆ వైద్యురాలు ఒప్పుకున్నారు, పూర్తిగా కాదు.

వైద్య గ్రంథాల భాష మారిన వేగం గురించి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను జబ్బుల జాబితానుంచి 1990లో తీసింది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపును మానసిక రుగ్మతల అధ్యాయంనుంచి తప్పించిన జాబితా 2019లో ఆమోదం పొంది 2022లో అమలుకు వచ్చింది. మన దేశంలో మద్రాసు హైకోర్టు ఒత్తిడి తర్వాత జాతీయ వైద్య కమిషన్ పాఠ్యపుస్తకాల్లోని కించపరిచే వర్ణనలు తీసేయమని 2021లో చెప్పింది. మనిషి ఇష్టాన్ని మారుస్తానని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో ప్రకటించింది. ఇంత జరిగాక 2024లో అదే కమిషన్ ఫోరెన్సిక్ పాఠ్యప్రణాళికలో స్త్రీల స్వలింగ సంబంధాన్ని మళ్లీ అసహజ నేరాల పక్కన చేర్చి, గోల జరిగితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. పాత ప్రతిలోంచి ఎవరో అలాగే ఎక్కించి ఉంటారని నా ఊహ. మా అనువాద వృత్తిలోనూ అదే రోగం. కొత్త ఫైలు, పాత మాట.

హైదరాబాదు నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ మొదలైంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం తోడ్పాటు, అమెరికా ప్రభుత్వ నిధులు. ట్రాన్స్‌జెండర్ల కోసం, వారిలోంచే వచ్చిన సిబ్బందితో నడిచిన చోటు. సాధారణ వైద్యం, హార్మోన్ల సలహా, హెచ్.ఐ.వి. సేవలు అన్నీ ఒక్క కప్పు కింద. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేయగానే తలుపులు మూతపడ్డాయి. వేల మైళ్ల అవతల ఒక సంతకానికి నారాయణగూడలో ఒకరి మందుల చీటీ ఆగిపోయింది. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో పేరు మార్చుకుని మళ్లీ తెరుచుకుంది. మర్యాదగా పిలిచే కిటికీ ఊరికొకటి ఉంటే ఈ ఒక్క తలుపు మీద ఇంత భారం పడేది కాదు.

ఇక చీర సంగతి. నిజం చెప్పాలంటే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీని కోసమే.

హైదరాబాదులో ఆ చట్టం వచ్చిన కాలంలోనే, 1920ల తొలినాళ్లలో, గుంటూరు జిల్లాలో స్థానం నరసింహారావు రంగస్థలం మీదికి వచ్చారు. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగిన నటులు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి. 1956లో పద్మశ్రీ. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ. తెర వెనక నిలబడి, తెర మీదుగా జడ ఇవతలికి వేసి, "నాతో పోటీకి రాగలరా" అన్నట్టు భామగా ప్రవేశించేవారు. 1970లో పద్మశ్రీ. ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నారని ఐతిహ్యం. మన సినిమా మహానాయకులు ఇద్దరూ చీరతోనే మొదలయ్యారు. అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో ఆడవేషాలతో పేరు తెచ్చుకున్నారు. ఎన్.టి. రామారావు విజయవాడ కళాశాలలో నాగమ్మ పాత్ర వేయవలసి వస్తే మీసం తీయనని పట్టుబట్టి, ఆ మీసంతోనే వేసి "మీసాల నాగమ్మ" అనిపించుకున్నారు. తర్వాత 1963లో ఆయనే వెండితెర మీద బృహన్నల.

అది వేరే రాజ్యం, ఇది వేరే రాజ్యం అనవచ్చు. నిజమే, తెనాలి నిజాం ఏలుబడిలో లేదు. కానీ 1956 తర్వాత రెండూ ఒకే రాష్ట్రం. రవీంద్రభారతిలో మగవారి ఆడవేషానికి చప్పట్లు మోగుతున్న సాయంత్రాల్లో, బయట రోడ్డు మీద చీర కట్టుకుని నడిచే, రిజిస్టరులో పేరున్న ఒక హిజ్రాను వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు చట్టప్రకారం ఉంది. ఒకే నగరం, ఒకే సాయంత్రం, ఒకే చీర. లోపల "వారు", బయట "అది".

తేడా ఎక్కడుంది? కూచిపూడి వేషధారణ మీద పరిశోధన చేసిన ఎమరీ విశ్వవిద్యాలయపు హర్షిత కామత్ 2019లో తెచ్చిన పుస్తకంలో ఒక జవాబు ఉంది. ఆడవేషం కట్టడం వల్ల ఆ బ్రాహ్మణుడి మగతనం తగ్గలేదు, పైగా దానికి అధికారం పెరిగింది అంటారు ఆవిడ. నా మాటల్లో చెబితే, చీర విప్పాక కింద జంధ్యం ఉందని ప్రేక్షకులకు తెలుసు. విప్పడానికి వీలైన చీరకు పద్మశ్రీ వచ్చింది. విప్పని చీరకు ఠాణా. మధ్యలో ఇంకొకరున్నారు, వారిని మరిచిపోతే లెక్క తప్పుతుంది. భామను తరతరాలుగా ఆడిన కలావంతుల స్త్రీలు, దేవదాసీల వంశాలవారు. 1947 మద్రాసు చట్టం గుడిలోనూ ఊరేగింపులోనూ ఉత్సవాల్లోనూ వారి నాట్యాన్ని నిషేధించింది. ఆడవారు ఆడితే నేరం, ఆడవారిలా ఆడితే కళ. స్థానంవారి, శర్మగారి అభినయం తక్కువని నేను అనడం లేదు. ఆ వాలుచూపు, ఆ నడక నేర్చుకోవడం ఒక జన్మ పని. దాన్ని మెచ్చుకోవడానికి మనకు ఉన్న భాషలో పదో వంతు కూడా మిగతా ఇద్దరికీ ఎందుకు దక్కలేదన్నదే నా ప్రశ్న.

ఇక్కడే క్వీర్ కళాచరిత్ర రాసే కుర్ర పరిశోధకులకు ఒక ఆశ పుడుతుంది. స్త్రీవేషధారులందరినీ మన పూర్వీకుల జాబితాలో చేర్చేద్దామని. నాకు ఇష్టం లేదు. కట్టుకున్న బట్టను చూసి మనిషి ఎవరో తేల్చడం, 1919 చట్టం చేసింది సరిగ్గా అదే. మనం ప్రేమతో చేసినా పద్ధతి అదే అవుతుంది. చెప్పుకున్నవారి మాట వినడం వేరు. బరోడాలో లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేసిన భూపేన్ ఖఖ్ఖర్ ఉన్నారు. తండ్రీ, కొడుకూ, గాడిద కథ మనందరికీ తెలుసు కదా, ఎవరెక్కినా ఊరు తప్పు పడుతుంది. ఆ కథను దూరంగా వీధిలో నడిపించి, ముందు వసారాలో నగ్నంగా నిలబడి దాన్ని చూస్తున్న మనిషిని 1981లో గీశారాయన. అందరినీ మెప్పించలేం అని దాని పేరు. ఆ తర్వాత పురుషుల మధ్య ప్రేమను దాచకుండా గీశారు. 2016లో లండన్ టేట్ మోడర్న్‌లో ఆయన చిత్రాల ప్రదర్శనకు అదే పేరు పెట్టారు. అక్కడ గోడ మీద చీటీలో ఆయన గురించి ఏ మాట వాడినా అది ఆయన ఇచ్చిన మాటే. స్థానంవారి గురించి వాడితే అది మన మాట.

మరి తెలుగు నేల మీద వీధుల్లో ఆడి పాడిన హిజ్రాల కళ? కాన్పు ఇళ్ల ముందు, పెళ్లిళ్లలో వారు పాడిన బధాయి పాటలు? మన కళాచరిత్ర పుస్తకాల్లో వాటికి అధ్యాయం లేదు. ఆ కాలంలో ప్రభుత్వం వారి పేర్లు రాయమన్న చోటు పోలీసు రిజిస్టరు. చరిత్రకారులకు ఇంతకంటే చేదు వనరు ఉండదు.

1990లలో గాయత్రి రెడ్డి అనే మానవశాస్త్ర పరిశోధకురాలు హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య తిరిగి పనిచేశారు. 2005లో పుస్తకం వచ్చింది. లోకమంతా వారి ఒంటి గురించి అడుగుతుంటే, వారు మాత్రం ఆవిడకు పదేపదే చెప్పిన మాట ఇంకొకటి. ఇజ్జత్, అంటే పరువు, మర్యాద. ఎవరి ఇంట్లో ఉన్నాం, ఎవరు మన గురువు, ఎవరు మన చేలా, అంటే శిష్యులు, ఎవరి ముందు ఎలా కూర్చోవాలి, ఇదంతా ఇజ్జత్ లెక్క. నేను వ్యాకరణంలోంచి వెతుక్కుంటూ వచ్చి చేరిన చోటికి వారు ఎప్పుడో చేరుకుని కూర్చున్నారు.

ఈ మనుషులను గౌరవంగా పిలిచే మాటల పట్టిక ఒకటి కావాలా అని అడుగుతారు. తమిళనాడు ప్రభుత్వం కోర్టు ఆదేశంతో 2022లో అలాంటి పట్టికను గెజిట్‌లో అచ్చు వేసింది. అంతకు చాలా ముందే వాళ్ల పత్రికల్లో ట్రాన్స్ స్త్రీలకు "తిరునంగై" అన్న గౌరవమైన మాట స్థిరపడింది. మనకూ పట్టిక రావాలి. కానీ దాన్ని కమిటీ గదిలో సంస్కృత ధాతువులతో చేయవద్దని నా మనవి. "తృతీయ ప్రకృతి" అని రాసి మనం సంతోషించవచ్చు, ఆ పేరుతో పిలిస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. తిక్కన వాడిన "పేడి" పాతబడి తిట్టుగా మిగిలింది. బృహన్నల అనడం పొగడ్తలా ఉంటుంది గానీ బృహన్నల ఏడాది తర్వాత గాండీవం తీసుకుంటాడు. ఈయన తీసుకోరు, ఈవిడ తీసుకోరు. హిజ్రా, ట్రాన్స్‌జెండర్ అన్నవి వారే వాడుకుంటున్న మాటలు. వారు వాడుతున్నప్పుడు మనకు శుద్ధి పట్టింపు ఎందుకు? "క్వీర్"కు తెలుగేమిటని ఒక విద్యార్థి అడిగితే "బేసి" అన్నాను సరదాగా. ఇంగ్లీషులోనూ అది మొదట వింత, తేడా అన్న అర్థంలో తిట్టే. సరి బేసిల్లో బేసి తక్కువేమీ కాదు, సరితో భాగించబడదంతే. ఆ విద్యార్థికి నచ్చింది. ఎవరైనా వాడితే వాడనివ్వండి, నేను పట్టికలోకి ఎక్కించమని అడగను.

చివరిగా ఒక సంగతి చెప్పి మీ ప్రశ్నలు వింటాను.

గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో మా ప్రశ్నపత్రాన్ని పరీక్షిస్తున్నాం. చదివి అడిగే కుర్రవాడు ఒకడు, పక్కన నేను, ఎదురుగా ఒక హిజ్రా గురువు. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. చాప మీద కూర్చుని తాంబూలం వేసుకుంటూ నాలుగు పేజీల ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పారు. అయిపోయాక, ఏదైనా అర్థం కాలేదా అని అడిగాను. కాగితం చూపించమన్నారు. వేలు పెట్టి నెమ్మదిగా చదువుకున్నారు. తర్వాత అన్నారు: "ఇందులో అంతా మీరు మీరు అని ఉందే. ఈ అబ్బాయి నన్ను మొదటినుంచీ నువ్వు అనే అడిగాడు."

కుర్రవాడు తల వంచుకున్నాడు. నేను కూడా. నాలుగు పేజీలూ వింటూ కూర్చున్నాను, నాకు తేడా వినిపించలేదు.

ఎలా రాస్తే బాగుంటుందని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మొదటి ప్రశ్న పేరే పెట్టమన్నారు. కార్డులో పేరు కాదు, పిలిపించుకునే పేరు. ఆ పేరు చివర గారు చేర్చి పైకి పలికాకే రెండో ప్రశ్నకు వెళ్లాలి. "నోటితో ఒకసారి గారు అన్నాక నువ్వు అని రాదు, ప్రయత్నించి చూడు" అని కుర్రవాడితో అన్నారు. అతను అక్కడే ప్రయత్నించాడు. రాలేదు.

ఇప్పుడు నేను తెలుగు చేసే ప్రతి ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న కింద, అడిగేవారికి సూచనగా, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: "ఇక్కడ ఆగి, చెప్పిన పేరుకు గారు చేర్చి పైకి అనండి." దాని మూలం ఇంగ్లీషు ప్రతిలో ఎక్కడుందని పరిశోధక బృందాలు ప్రతిసారీ ఉత్తరం రాస్తాయి. మూలంలో లేదని ప్రతిసారీ జవాబు రాస్తాను.